మన పేర్లు – చట్టం

విద్యార్థి వేతనాల దరఖాస్తులు పంపు రోజులలో మా తెలుగు శాఖ గదికి వచ్చే విద్యార్థులలో సగం మంది పద్యానికి తాత్పర్యం అడుగుటకు రారు. రెండు కాగితాలు చేత పట్టుకొని, “సార్, ఈ రెంటిలో నా పేరేది?” అని అడుగుటకు వస్తారు. ఒకదానిలో ‘షేక్ జహీరుద్దీన్’ అని ఉంటుంది. మరొకదానిలో ‘ఎస్.కె. జాహిరుద్దిన్’ అని ఉంటుంది. ఆ బాలుని ఇంట అడిగితే ‘జహీర్’ అంటారు. ఊరిలో అడిగితే ‘జానీ’ అంటారు. నాలుగు పేర్లూ అతనివే. కాని కార్యాలయపు బల్లకు అవతల కూర్చున్నవారికి అవి నలుగురు మనుష్యులు.

న్యాయశాస్త్రం నా చదువు కాదు. అయినను ఏటేటా ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసి వచ్చుటచేత, పేర్లను గురించి మన దేశపు చట్టం ఏమి చెబుతున్నదో కొంత చదివి తెలిసికొన్నాను. తెలిసికొన్నంతలో నాకు ముఖ్యంగా తోచినది ఒకటే. చట్టం మనకు పేరు పెట్టదు, పెట్టిన పేరుకు వంక చెప్పదు. అది అడుగునదల్లా ఒక కాగితంలోని పేరు మరొక కాగితంలో కూడా ఉండవలెనని మాత్రమే. ఈ చిన్న కోరిక దగ్గరనే మనవారు ఎక్కువగా చిక్కుపడుతున్నారు.

పేరు పెట్టుకొను స్వాతంత్ర్యం అన్ని దేశాలలో ఇంత విశాలంగా లేదు. ఫ్రాన్సులో 1803 నాటి చట్టం ప్రకారం పంచాంగాలలో కనిపించే పేర్లను, ప్రాచీన చరిత్రలోని ప్రసిద్ధ పురుషుల పేర్లను మాత్రమే బిడ్డలకు పెట్టవలసి ఉండేది. తల్లిదండ్రులకు ఇష్టమైన పేరు పెట్టుకొను హక్కు 1993లో గాని పూర్తిగా రాలేదు. ఐస్‌లాండులో క్రొత్త పేర్లను పరిశీలించుటకు 1991లో ఒక సంఘమే ఏర్పడినది. తుర్కీలో 1934లో ప్రతి కుటుంబం ఇంటిపేరు పెట్టుకొని తీరవలెనని చట్టం చేసినారు. అంతవరకు అక్కడి సామాన్యులకు ఇంటిపేరు లేదు. ముస్తఫా కెమాల్‌కు ‘అతాతుర్క్’ అన్న పేరు వచ్చినది ఆ సంవత్సరం నవంబరులోనే. అదే నెలలో మరొక చట్టం వచ్చి హాజీ, హాఫిజ్, ముల్లా, పాషా వంటి బిరుదులను తొలగించినది.

వీటన్నిటికంటె విచారకరమైన ఉదాహరణ బల్గేరియా. అక్కడి ప్రభుత్వం 1984–85 శీతకాలంలో తుర్కీ జాతి ముస్లిములచేత వారి పేర్లను బలవంతంగా మార్పించినది. పత్రాలపై బల్గేరియన్ పేర్లు వ్రాయించినారు. 1989లో మూడు లక్షలకు పైగా జనం ఇల్లూవాకిలీ విడిచి తుర్కీకి తరలిపోయినారు. ఆ తరువాత 1990 మార్చిలో వచ్చిన చట్టంతో పూర్వపు పేర్లను తిరిగి పొందు మార్గం ఏర్పడినది. పేరు కోసం మనిషి ఊరు వదలునా అన్నవారికి ఈ ఒక్క సంగతి చాలును.

మన దేశంలో అటువంటి నిర్బంధం లేదు. అసలు పేర్ల కొరకు ప్రత్యేకంగా చేసిన కేంద్ర చట్టమే లేదు. రాజ్యాంగపు 19వ, 21వ అధికరణాలు చెప్పే భావప్రకటనా స్వేచ్ఛ, జీవన స్వేచ్ఛలలో పేరు కూడా ఇమిడి ఉన్నదని న్యాయస్థానాలు చెబుతూ వచ్చినవి. సెంట్రల్ బోర్డు పరీక్షా పత్రాలలో పేర్ల సవరణను గురించి వచ్చిన అనేక అప్పీళ్లను కలిపి విచారించి, 2021 జూన్ 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వీటిలో ముఖ్యమైనది. పేరు వ్యక్తిత్వంలో విడదీయరాని భాగమని, దానిపై అదుపు ఆ వ్యక్తికే ఉండవలెనని ఆ తీర్పు సారాంశం. దాని ప్రస్తావన మరల వస్తుంది.

మన ప్రాంతపు ముస్లిముల పేర్లను చూస్తే ఈ స్వాతంత్ర్యం ఎంత విస్తారమో తెలుస్తుంది. గుంటూరులోని కాలే మస్తాన్ షా దర్గా పేర మస్తాన్ వలీలు, మస్తాన్ బీలు ఉన్నారు. తమిళదేశపు నాగూరు దర్గా పేర నాగూర్ మీరాలు, నాగూర్ వలీలు ఉన్నారు. కడప వైపు అమీన్ పీర్లు ఉన్నారు. దస్తగిరులు, మౌలాలీలు అన్ని జిల్లాలలోను ఉన్నారు. పీర్ల పండుగనాడు పుట్టినవాడు హుస్సేన్. ఇంతటితో ఆగలేదు. మస్తాన్‌రావులు, మస్తానమ్మలు, హుస్సేనమ్మలు మన హిందూ సోదరుల ఇళ్లలో కూడా ఉన్నారు. మ్రొక్కుకొన్న తల్లి ఏ దర్గా పేరు బిడ్డకు పెట్టినా ఏ అధికారీ ‘ఎందుకు పెట్టినావు?’ అని అడుగడు. పేరు మతానికి సాక్ష్యం కాదు.

ఇక చట్టం పని ఎక్కడ మొదలగునో చూతము. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 దినాలలో జననం నమోదు కావలెను. అప్పటికి పేరు నిశ్చయం కాకపోయినను అభ్యంతరం లేదు. పేరు లేకుండానే నమోదు చేసి, తరువాత తల్లిగాని తండ్రిగాని తెలిపినప్పుడు ఆ పేరు చేర్చుటకు 14వ సెక్షను అవకాశమిచ్చినది. నమోదైన నాటినుండి 12 నెలల వరకు రుసుము లేదు. ఆపైన 15 సంవత్సరాల వరకు ఆలస్య రుసుముతో చేర్చవచ్చును. అప్పటికే వ్రాసిన దానిలో తప్పు ఉన్నచో 15వ సెక్షను క్రింద సరిచేయవచ్చును. పాత అక్షరాలను చెరపకుండా అంచున క్రొత్త మాట వ్రాసి, రిజిస్ట్రారు సంతకం, తేదీ ఉంచవలెను. తప్పు కేవలం వ్రాతలో దొర్లినది కాక విషయంలోనే ఉన్నచో, సంగతి ఎరిగిన ఇద్దరు విశ్వసనీయులు ఆ మేరకు ప్రకటన ఇవ్వవలెను.

మన ఇళ్లలో ఏమి జరుగుతున్నది? ఏడవనాడు అఖీఖా చేసి, పెద్దలు చెవిలో అజాన్ పలికి ముచ్చటగా పేరు పెడతారు. కాని ఆసుపత్రి నుండి మున్సిపాలిటీకి పోయిన కాగితంలో ‘ఫలానా ఆమె మగబిడ్డ’ అని మాత్రమే ఉంటుంది. ఆ కాగితం పెట్టెలో అడుగున చేరుతుంది. అఖీఖా విందుకు ఊరందరినీ పిలిచిన తండ్రి రిజిస్ట్రారు కార్యాలయానికి ఒక్కమారు పోవుటకు తీరిక లేనివాడగును. 2023లో ఈ చట్టాన్ని సవరించిన తరువాత ఈ అశ్రద్ధకు మూల్యం పెరిగినది. 2023 అక్టోబరు 1న గాని, ఆపైన గాని పుట్టినవారికి పాఠశాల ప్రవేశం, ఓటర్ల జాబితా, డ్రైవింగు లైసెన్సు, వివాహ నమోదు, ప్రభుత్వోద్యోగం మొదలైన వాటికి పుట్టిన తేదీని, స్థలాన్ని నిరూపించు పత్రం జనన ధ్రువపత్రమే. చదువుతున్న మీకు ఇది వర్తించకపోవచ్చును. మీ చెల్లెలి బిడ్డకు, అన్నగారి బిడ్డకు వర్తిస్తుంది.

పెట్టెలో పేరులేని కాగితం ఉన్న బిడ్డకు మొదటిసారి పేరు వ్రాయునది పాఠశాలలోని ఉపాధ్యాయుడు. ఇక్కడ తెలుగు అధ్యాపకునిగా నేను కొంచెం ఆగవలసి ఉన్నది. ఉర్దూలో ‘జీమ్’ వేరు, ‘జే’ వేరు. ‘జాల్’, ‘జ్వాద్’, ‘జోయ్’ కూడా ‘జే’ వలెనే పలుకుతాయి. తెలుగు ఉపాధ్యాయుని చెవికి ఇవన్నీ ‘జ’. ఆ ధ్వనికి చేరువైన దంత్య జకారం మన భాషలో లేకపోలేదు. ‘జడ’ అనుటలో, ‘జల్లెడ’ అనుటలో పలుకునది అదే. పూర్వపు ముద్రణలలో ఆ అక్షరంపై చిన్న ‘౨’ గుర్తు ఉంచి వేరు చూపేవారు. ఆ గుర్తును మనమే విడిచిపెట్టినాము. ప్రవేశపు రిజిస్టరులో తెలుగున ‘జహీర్’ అని సరిగానే పడినది. పదవ తరగతిలో పరీక్షకు పంపు నామావళి ఇంగ్లీషులో వ్రాయునప్పుడు, బిడ్డను చూడని గుమాస్తా ఆ ‘జ’ను చూచి ‘జడ్’ అక్షరానికి మారుగా ‘జె’ అక్షరం వ్రాస్తాడు. అతని తప్పేమి? అతని ముందున్నది ‘జ’యే గదా. అట్లే ‘ఖాఫ్’, ‘ఖే’, ‘కాఫ్’ మూడును కలిసిపోయి ఖాదర్, కాదర్, ఖాదిర్ అని మూడు రూపాలు వచ్చినవి. గౌస్, ఘౌస్ అని రెండు వచ్చినవి. ప్రవక్తగారి నామమే మన పత్రాలలో ముహమ్మద్, మొహమ్మద్, మహమ్మద్, మహ్మద్ అని నాలుగు విధాలుగా నడుస్తున్నది. ఇంగ్లీషున రెండే అక్షరాలకు కుదించి ‘ఎం.డి.’ అన్నప్పుడు, చూచినవారు వైద్యపట్టా అనుకొన్నను అనుకొందురు.

ఇంతకంటె నన్ను బాధించునది ‘అబ్దుల్’ అన్న మాటకు పట్టిన గతి. అబ్దుల్ రహమాన్ అనగా కరుణామయుని దాసుడు. అది ఒకే పేరు, రెండు కాదు. ‘అబ్దుల్’ అంతటితో ఆగితే ‘ఫలానావాని దాసుడు’ అనుచు ఆ ఫలానావాడెవరో చెప్పక విడిచినట్లే. తెలుగువారి అలవాటున ముందున్నది ఇంటిపేరు కావలెను గనుక, మన రిజిస్టర్లలో ‘అబ్దుల్’ ఇంటిపేరై, పొడి అక్షరమై ‘ఎ. రహమాన్’ అయినది. దాసుడు మాయమై దైవనామమొక్కటే బిడ్డకు మిగిలినది. అర్థం ఎరిగిన ఏ తండ్రియు అట్లు పిలువడు. పొడి అక్షరాలు తెలుగు ఇంటిపేర్లకు సరిపోవును గాని అరబ్బీ సమాసాలకు సరిపోవు.

షేక్, సయ్యద్, పఠాన్, మొఘల్ అన్నవి కోస్తాలోను రాయలసీమలోను అచ్చమైన ఇంటిపేర్లవలె ముందే నిలుస్తాయి. హైదరాబాదు నగరపు కుటుంబాలలో సయ్యద్, ముహమ్మద్ ముందుండును, ఖాన్ చివర ఉండును, ఇంటిపేరన్నది చాలమందికి లేనే లేదు. పాసుపోర్టు దరఖాస్తులో మాత్రం రెండు గళ్లు ఉన్నవి. ఒకటి వంశనామానికి, రెండవది స్వనామానికి. మొదటి గడిని ఖాళీ విడిచి మొత్తం పేరును ఒక్క మాటగా వ్రాసినవారు విదేశాలలో చిక్కుపడుతున్నారు. అమెరికా వీసాలలో అటువంటివారి ఒక్క పేరునే వంశనామపు గడిలో ఉంచి, స్వనామపు గడిలో ‘తెలియదు’ అను అర్థంగల మూడక్షరాలు వేస్తారు. 2022 నవంబరులో యు.ఏ.ఇ. వారు ఒకే మాట పేరున్న పాసుపోర్టులపై సందర్శక వీసాతో రానీయబోమని ప్రకటించినారు. పాసుపోర్టు రెండవ పుటలో తండ్రి పేరు ఉన్నవారిని అంగీకరింతుమని తరువాత వివరించినారు. కరీంనగరు, నిజామాబాదు, కడప జిల్లాల నుండి గల్ఫుకు పోయే వారు ఎందరో మీకు తెలియనిది కాదు. ‘ఖదీర్’ అనియో ‘గౌస్’ అనియో ఒక్క మాట వ్రాయించుకొని ఊరకున్నవాడు విమానాశ్రయంలో ఆగిపోవచ్చును.

షేక్, సయ్యద్ అన్న మాటలకు మన రాష్ట్రాలలో మరొక ప్రాముఖ్యం కలదు. సాంఘికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిములకు 4 శాతం కేటాయిస్తూ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టపు పట్టికలో షేక్ ఒక వర్గం. సయ్యదులు, పఠానులు, మొఘలులు దానిలోనికి రారు. దూదేకులవారు అంతకు ముందునుండియే వేరొక జాబితాలో ఉన్నారు. పేరు ముందు ‘షేక్’ ఉన్నంతమాత్రాన సర్టిఫికేటు ఇవ్వరు, విచారణ జరుగుతుంది. కాని విద్యార్హత పత్రంలో ‘సయ్యద్’ అని ఉండి, కుల ధ్రువపత్రంలో ‘షేక్’ అని ఉంటే ఆ విచారణ ఎటు పోవునో చెప్పనక్కరలేదు. గౌరవం కోసమని పాఠశాలలో ఇంటిపేరు మార్చి వ్రాయించిన తండ్రులను ఎరుగుదును. ఆ గౌరవానికి వారి పిల్లలు తరువాత మూల్యం చెల్లించినారు.

ఇప్పుడు అసలు విషయం. ‘దిద్దుబాటు’ వేరు, ‘మార్పు’ వేరు. విద్యార్థులు ఈ రెంటినీ ఒకటిగా తలచి పొరపడుతున్నారు. ఉన్న పేరును వ్రాయుటలో తప్పు దొర్లితే, దానిని మూలపత్రంతో సరిపోల్చి సరిచేయుట దిద్దుబాటు. ఉన్న పేరును విడిచి మరొక పేరు స్వీకరించుట మార్పు. పైన చెప్పిన 2021 తీర్పు ఈ భేదాన్ని స్పష్టంగా చూపినది. పాఠశాల రిజిస్టరులో ఒకటి ఉండి బోర్డు పత్రంలో మరొకటి పడినచో, తగిన కాలవ్యవధిలో అడిగినవారికి బోర్డు సరిచేసి ఇవ్వవలెను. పాఠశాల రిజిస్టరులోనే ఆ పేరు లేకున్నను, జనన ధ్రువపత్రం వంటి ప్రభుత్వ పత్రాలు చూపితే వాటిని పరిశీలింపవలెను. ఇష్టపూర్వకంగా తెచ్చుకొన్న క్రొత్త పేరు విషయంలో మాత్రం న్యాయస్థానపు అనుమతినో ప్రకటననో, గెజెటు ప్రచురణనో కోరవచ్చును. ఆ తీర్పు సెంట్రల్ బోర్డును గురించినదే అయినను అందలి వివేకం అందరికీ పనికివచ్చునది.

మన రాష్ట్రాలలో పదవ తరగతి పత్రంలోని తప్పును దిద్దించుకొనుటకు మొదట పోవలసినది చదివిన పాఠశాలకే. ప్రధానోపాధ్యాయుడు ప్రవేశపు రిజిస్టరు నకలుతో జిల్లా విద్యాశాఖాధికారి ద్వారా ప్రభుత్వ పరీక్షల సంచాలకుల కార్యాలయానికి పంపవలెను. కనుక తప్పు ప్రవేశపు రిజిస్టరులోనే ఉన్నచో దిద్దుబాటు అన్న ద్వారం దాదాపు మూసుకొన్నట్లే. అప్పుడు మార్పు అన్న ద్వారం తట్టవలెను.

ఆ పద్ధతి కష్టమైనది కాదు గాని ఓపిక కావలెను. మొదట స్టాంపు కాగితంపై ప్రమాణపత్రం. అందులో పాత పేరు, క్రొత్త పేరు, తండ్రి పేరు, చిరునామా, మార్పునకు కారణం వ్రాసి నోటరీ ఎదుట సంతకం చేయవలెను. తరువాత దినపత్రికలో ప్రకటన. ఆ తరువాత గెజెటు. కేంద్ర గెజెటులో ఇటువంటి ప్రకటనలు నాలుగవ భాగంలో వస్తాయి. మైనరులైతే తండ్రియో తల్లియో సంరక్షకుడో దరఖాస్తు చేయవలెను. గెజెటులో పడినది గనుక ప్రభుత్వమే నా పేరు మార్చినది అని కొందరు భావిస్తారు. అది పొరపాటు. ఆ భాగంలోనే, ఈ ప్రకటనలకు ప్రభుత్వం బాధ్యత వహించదని, పర్యవసానాలన్నీ ప్రకటించినవారివేనని హెచ్చరిక ఉంటుంది. గెజెటు మన మాటను లోకానికి చాటునది మాత్రమే. అది పాత పట్టాను తానుగా మార్చదు. దానిని చేతబట్టి ప్రతి కార్యాలయానికి విడివిడిగా పోవలసినదే. ఆధార్ కార్డులోనైతే పేరును జీవితంలో రెండు మార్లకు మించి మార్చుటకు సాధారణంగా వీలులేదు. ఇంటి పక్కనున్న ఆన్‌లైన్ సెంటరులో తొందరపడి ఒక మారు, తప్పు పడినదని మరొక మారు మార్పించుకొన్నవాడు మూడవసారికి ఏమి చేయును?

స్వానుభవం ఒకటి చెప్పక తప్పదు. మా నాన్నగారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులుగా పనిచేసి గతించినారు. ఆయన సర్వీసు రిజిస్టరులో మా తల్లిగారి పేరు ‘షేక్ మహబూబ్ బీ’. ఇంటనూ వీధిలోనూ అందరూ ఆమెను ‘మాబ్బీ’ అని పిలిచేవారు. ఆధార్ నమోదుకు వచ్చిన కుర్రవాడు అడిగితే ఆమె అదే చెప్పినది. అతడు అదే వ్రాసినాడు. కుటుంబ పింఛను కోసం దరఖాస్తు పెట్టినప్పుడు ఒక కార్యాలయంలో కాగితాలు తిరగవేసి, “మహబూబ్ బీ ఒకరు, మాబ్బీ ఒకరు. మీ తండ్రిగారికి భార్యలు ఎందరు?” అని అడిగినారు. అడిగినవాడు వెటకారంగా అడుగలేదు. నిజంగానే తెలిసికొనగోరి అడిగినాడు. అదే ఎక్కువగా గుచ్చుకొన్నది. ఇద్దరు ఎరిగినవారి ప్రమాణాలు, తహశీల్దారు విచారణ, ఇద్దరూ ఒక్కరే అను ధ్రువపత్రం వచ్చునప్పటికి పదకొండు నెలలు గడిచినవి. ఆ పదకొండు నెలలు ఆమెకు పింఛను లేదు. ఇప్పటికీ ఎవరైనా గుమ్మం దగ్గర “మాబ్బీ!” అని పిలిస్తే, “మహబూబ్ బీ అను నాయనా” అని సరిచేస్తుంది.

స్త్రీల పేర్ల విషయంలో మరికొంత చెప్పవలసి ఉన్నది. పెండ్లి అయినంతనే స్త్రీ ఇంటిపేరు మారవలెనని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. పాసుపోర్టు కొరకు వివాహ ధ్రువపత్రం జతపరుపవలెనను నియమాన్ని కూడా 2016 డిసెంబరులో తొలగించినారు. తల్లిదండ్రులలో ఒకరి పేరే ఇచ్చినను చాలునని అప్పుడే ప్రకటించినారు. ఇస్లాం ధర్మం కూడా స్త్రీకి భర్త పేరు తగిలించుకొనుమని చెప్పలేదు. ఆమె మరణపర్యంతం తన తండ్రి బిడ్డయే. షేకుల ఆడపడుచు పఠానుల ఇంట మెట్టినంత మాత్రాన ‘పఠాన్’ అయి తీరవలెనను ఆచారం మనవారిలో పొరుగువారిని చూచి వచ్చినది. డిగ్రీ పట్టాలో ‘షేక్’, రేషను కార్డులో ‘పఠాన్’ అయిన ఎందరో బాలికలు ఉపాధ్యాయ నియామకాల వేళ పరుగులు తీయుట చూస్తున్నాము. మన విద్యార్థినులు దీనిని ముందే ఆలోచించుకొనుట మంచిది.

బిడ్డ ఇంటిపేరు ఎవరిది కావలెను అన్న ప్రశ్న మన తెలుగునాట నుండే సుప్రీంకోర్టుకు పోయినది. ఒక తల్లి, భర్త పోయిన తరువాత పునర్వివాహం చేసికొన్నది. బిడ్డకు రెండవ భర్త ఇంటిపేరు పెట్టినది. తాత, నాయనమ్మలు అభ్యంతరం చెప్పినారు. పాత ఇంటిపేరు పునరుద్ధరింపవలెనని, క్రొత్త భర్తను పత్రాలలో సవతి తండ్రిగా చూపవలెనని హైకోర్టు 2014లో ఆదేశించినది. 2022 జులై 28న సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చినది. తండ్రి లేని బిడ్డకు సహజ సంరక్షకురాలు తల్లియే గనుక ఇంటిపేరు నిర్ణయించు హక్కు ఆమెదేనని చెప్పినది. పత్రాలలో ‘సవతి తండ్రి’ అని వ్రాయించుట బిడ్డ మనస్సును గాయపరచు క్రూరమైన పని అని మందలించినది.

ఇక్కడ మన పిల్లలు ఒక ప్రశ్న అడుగవచ్చును. దివ్య ఖురాను 33వ అధ్యాయపు 5వ వాక్యం పెంపుడు బిడ్డలను వారి కన్నతండ్రుల పేరనే పిలువవలెనని ఆదేశించినది గదా, ప్రవక్తగారు పెంచుకొన్న జైద్ ఆ తరువాత మరల హారిసా కుమారునిగానే పిలువబడినాడు గదా అని. నిజమే. ఆ ఆదేశపు ఉద్దేశం వంశపు సత్యాన్ని కాపాడుట. సుప్రీంకోర్టు తీర్పు ఉద్దేశం ఒక బిడ్డను తన ఇంటిలో తాను పరాయివాడు కాకుండ కాపాడుట. ఆ కేసులోనివారు హిందువులు, వారికి వర్తించు దత్తత చట్టం వేరు. రెంటినీ ఒకే త్రాసులో వేయుట న్యాయం కాదని నా అభిప్రాయం. పేరు మార్చుకొనుట మన ధర్మానికి విరుద్ధం కాదన్నది మాత్రం మరువరాదు. ‘ఆసియా’, అనగా అవిధేయురాలు, అన్న అర్థంగల పేరున్న స్త్రీకి ప్రవక్తగారు ‘జమీలా’ అని పేరు మార్చిన సంగతి హదీసు గ్రంథాలలో కలదు. అరబ్బీలో ‘అయిన్’ అక్షరంతో వ్రాయు ఆ పేరును, ‘అలిఫ్’తో వ్రాయు ఫిరౌను భార్య ఆసియా పేరును తెలుగున వేరుచేసి వ్రాయలేము. ఆ పేరున్న బాలికలు కలత చెందనక్కరలేదు. వారిది రెండవదే.

కమిటీవారికి ఒక మనవి. మన కళాశాల నుండి విశ్వవిద్యాలయానికి పోవు పరీక్షా నామావళి ఇంతవరకు కార్యాలయంలో ఒక్కరి చేతిమీదుగా తయారై పోతున్నది. విద్యార్థి తన పేరును మొదటిసారి చూచుకొనునది హాలు టికెట్టుపైననే. అప్పటికి సమయం మించిపోతున్నది. నామావళి పంపుటకు ముందు మూడు దినాలపాటు దానిని ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ మూడు లిపులలో నోటీసు బోర్డుపై ఉంచవలెనని, ప్రతి విద్యార్థి తన పదవ తరగతి పత్రంతో సరిచూచుకొని ఎదురుగా సంతకం చేయు ఏర్పాటు ఉండవలెనని కోరుతున్నాను. ఉర్దూ శాఖలోని నా సహాధ్యాపకునితో మాట్లాడినాను. ఆ మూడు దినాలు సాయంకాలం ఒక గంట మేమిరువురం కార్యాలయంలో కూర్చుండుటకు సిద్ధంగా ఉన్నాము. ‘జీమ్’ ఏదో ‘జే’ ఏదో ఆయన చెబుతారు, దానిని తెలుగున ఎట్లు వ్రాయవలెనో నేను చెబుతాను. గుమాస్తాగారికి ఇంగ్లీషు అక్షరం వేయుట మాత్రమే మిగులుతుంది.